కంకిపాడు దాకా పనుందా?

గుణదలలో మా వీధి చివరింటి నర్సమ్మగారి కారు ఎక్కాలంటే మీకు కనీసం పదిహేను కిలోమీటర్ల అవతల పని ఉండాలి. మందుల షాపు దాకా, మార్కెట్టు దాకా, రామవరప్పాడు రింగు దాకా అంటే ఆవిడ ఎక్కించుకునేవారు కాదు. పిసినారితనం అనుకునేరు, ఆవిడ పెట్టే చెయ్యి గురించి మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. దగ్గర పని చెబితే ఆవిడ మొహంలో నిజంగానే బాధ కనిపించేది. "ఇంజను వేడెక్కకుండానే ఆపెయ్యమంటావా అయ్యా? పాపం కాదూ?" అనేవారు. అడిగినవాడు తనేదో పసిపిల్లని కొట్టబోయినట్టు సిగ్గుపడి ఆటో కోసం రోడ్డెక్కేవాడు.

మొన్న శ్రావణమాసంలో ఆవిడ పోయారు. మా వీధిలో ఇప్పుడు చాలా కార్లున్నాయి. పాలపాకెట్టు కోసం కారు తీసేవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరైనా అలా బర్రుమని స్టార్ట్ చేసి, సందు చివరిదాకా వెళ్ళి, మూడు నిమిషాల్లో తిరిగొచ్చి ఆపేస్తే నాకు ఆవిడ నిట్టూర్పు వినిపిస్తుంది. ఇది రాయడానికి కారణం ఆ నిట్టూర్పే.

ఆవిడ కారు అంబాసిడర్. పాలమీగడ రంగు. ఒకప్పుడు ఆవిడ పనిచేసిన ఆసుపత్రి డాక్టరుగారిది. ఆయన కొత్త కారు కొనుక్కుంటూ, "ఇంకో రెండేళ్ళు నడిస్తే గొప్పేనమ్మా, నీకు కావాలంటే తీసుకో" అని ఇచ్చేశారట. ఆ మాటన్నాయన ఆ తర్వాత మూడు కార్లు మార్చారు. ఇది మాత్రం ఒక్కసారి కూడా ఇంజను విప్పించుకోకుండా నడుస్తూనే ఉంది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పురుళ్ళ వార్డులోనే ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. నాతో ఆవిడ తన గురించి చెప్పింది ఇంతే. కారు గురించి చెప్పమంటే మాత్రం మచిలీపట్నం వెళ్ళొచ్చేదాకా చెప్పేవారు.

నాకూ ఆవిడకీ పరిచయమైంది రైలు తప్పిపోయేలా ఉన్న రోజున. అప్పటికి వీధిలోకి వచ్చి నెలే అయింది. కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాణ్ణి. ఆ రోజు ఏలూరులో పెళ్ళిచూపులు. మావాళ్ళు మా ఊరినుంచి నేరుగా అక్కడికే వెళ్ళిపోయారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వీధిలో నిలబడితే ఒక్క ఆటో లేదు. ఎదురుగా ఈవిడ గేటు తీసి కారు బయటికి తెస్తున్నారు. తెల్లచీర, కళ్ళజోడుకి తాడు, చేతిలో గుడ్డ. ధైర్యం చేసి అడిగాను.

"అమ్మా, రైల్వే స్టేషను దాకా దింపుతారా? ఆలస్యమైపోతోంది."

"స్టేషనా? అయిదు కిలోమీటర్లు కూడా ఉండదు. కుదరదు."

నేను తెల్లబోయాను. ఆవిడ నా చొక్కా వంక చూసి, "ఏ ఊరు వెళ్ళాలి?" అన్నారు.

"ఏలూరండీ."

ఆవిడ మొహం విప్పారింది. "ఏలూరా! ఆ మాట ముందే చెప్పొచ్చుగా. ఎక్కు."

అలా స్టేషనుకి దింపనన్న మనిషి నన్ను అరవై కిలోమీటర్లు తీసుకెళ్ళి ఏలూరులో దింపారు. గంటకి నలభై అయిదు దాటనివ్వలేదు. రైలెక్కి ఉంటే అరగంట ముందే వెళ్ళేవాణ్ణి. గన్నవరం దాటాక ఈ సంగతి మెల్లగా చెబితే, "పెళ్ళిచూపులకి ముందెళ్ళి ఏం చేస్తావు? కాస్త ఎదురుచూడనీ" అన్నారు.

అమ్మాయి తరఫువాళ్ళు కారు దిగిన ఆవిణ్ణి మా మేనత్త అనుకుని కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చారు. ఆవిడ కాదనలేదు. కాఫీ తాగి, అమ్మాయిని ఒకే ఒక ప్రశ్న అడిగారు. "పొద్దున్న లేచీ లేవగానే నీకు ఎవరైనా పని చెబితే కోపం వస్తుందా?"

అమ్మాయి తల ఎత్తి, "బాగా వస్తుందండీ" అంది.

"మంచి పిల్ల" అని సర్టిఫికెట్టు ఇచ్చి, ఇంజను చల్లారిందో లేదో చూడడానికి బయటికి వెళ్ళిపోయారు. ఆ పిల్లే మా ఆవిడ.

ఆ ప్రశ్న కారులోంచి వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. పాత ఇంజను కనిపిస్తే చాలు, జనం ఒకటే అడుగుతారు, ఇంకా ఎన్నాళ్ళు నడుస్తుందండీ అని. ఆవిడకి ఆ ప్రశ్నంటే గిట్టదు. "ఎన్నాళ్ళని కాదు, చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు లేపావని అడుగు" అనేవారు. ఆవిడ లెక్కలో ఇంజను కిలోమీటర్లు తిరిగి అరగదు. తెల్లారేసరికి నూనంతా అడుక్కి జారిపోయి ఉంటుంది. తాళం తిప్పగానే మొదటి కొన్ని క్షణాలు ఇనుముని ఇనుము ఒరుసుకుంటుంది. ఏడాదంతా రోడ్డు మీద అరిగినదానికన్నా ఆ క్షణాల్లో అరిగేదే ఎక్కువని ఆవిడ నమ్మకం. అందుకని స్టార్ట్ చేశాక, మేరీమాతకి చెప్పుకునే మంగళవార్త జపం ఒకటి పూర్తయ్యేదాకా గేరు వేసేవారు కాదు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా మాట్లాడకూడదు.

"నాకు ఆ జపం రాదండీ" అన్నానొకసారి.

"నీకొచ్చిందేదో నువ్వు చేసుకోవయ్యా. నూనెకి కావలసింది కాస్త టైము."

నేను గోవింద నామాలు చెప్పుకునేవాణ్ణి. ఆవిడ జపం అయ్యేసరికి నావి సుమారుగా పన్నెండయ్యేవి.

మిగతా పథ్యాలు కూడా ఉండేవి. రేడియేటర్లో బోరు నీళ్ళు పొయ్యనిచ్చేవారు కాదు, మా బోరు నీళ్ళకి బిందెలే తెల్లగా పొక్కిపోతాయి. ఆవిడ బోరు నీళ్ళే కాచుకుని తాగుతూ కారుకి మాత్రం డిస్టిల్డ్ వాటరు తెప్పించేవారు. కోతల రోజుల్లో పొలాల దుమ్ము లేస్తే గాలి ఫిల్టరు ప్రతివారం దులిపేవారు. ఊరేగింపులకి కారు అడిగితే తలుపు వేసేసేవారు. మనిషి నడకంత వేగంతో గంటసేపు ఈడిస్తే గాలి తగలక ఉడికిపోతుందని. ఈ మధ్య పెళ్ళి కాకముందే ఫొటోలు తీయించుకునే జంటలు పాత కార్ల కోసం తిరుగుతున్నారు కదా, ఒక జంట వచ్చి బ్యారేజీ దగ్గర షూటింగుకి కారు కావాలన్నారు.

"బ్యారేజీ అయితే కుదరదు. హంసలదీవి అయితే తీసుకెళతా" అన్నారు ఈవిడ.

వాళ్ళు నిజంగానే హంసలదీవి వెళ్ళి సముద్రం దగ్గర ఫొటోలు తీయించుకున్నారు. వాటిలో రెండింట్లో ఈవిడ వెనకాల బానెట్ ఎత్తి నిలబడి ఉంటారు.

ఇక రోజువారీ ప్రయాణం కంకిపాడు. పొద్దున్న ఆరున్నరకి బయలుదేరి పటమట, పోరంకి, పెనమలూరు మీదుగా వెళ్ళి రావడం. ఊరికే తిరిగితే పెట్రోలు దండగని ఆవిడ సిద్ధాంతం, అందుకని ప్రతి రోజూ ఏదో ఒక పని ఉండి తీరాలి. వీధిలో తలుపులు తట్టి, "కంకిపాడు దాకా పనుందా?" అని అడిగేవారు. ఎవరో ఒకరికి దొరికేది. ఏ రోజైనా ఎవరికీ లేకపోతే ఆవిడే వెళ్ళి గోంగూర కొనుక్కొచ్చేవారు. ఆ రోజు వీధందరికీ తలో కట్టా వచ్చేది. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవాలకి మూడు రోజులు మా రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి, కారు కదలదు. ఆవిడ ముందురోజే కారుని నిడమానూరులో తెలిసినవాళ్ళ దొడ్లో పెట్టొచ్చి, పొద్దున్నే కొండకి కొవ్వొత్తి పట్టుకుని నడిచి వెళ్ళి, దిగాక బస్సెక్కి నిడమానూరు పోయి, కారుని గన్నవరం దాకా తిప్పి మళ్ళీ అక్కడే పెట్టి వచ్చేవారు.

షెడ్డులో ఒక అట్టకి క్లిప్పు పెట్టి కాగితాలు వేలాడదీసి ఉండేవి. ఆసుపత్రి అలవాటు, దాన్ని కేసు షీటు అనేవారు. తేదీ, నూనె, నీళ్ళు, వేడి, ఎక్కడిదాకా, ఎవరెక్కారు, ఏం పని. కిలోమీటర్ల మీటరు ఎప్పుడో ఆగిపోయింది, కాబట్టి ఆ కారు చరిత్రకి ఆ కాగితాలే ఆధారం. పని అన్న గడిని ఆవిడ ఎన్నడూ ఖాళీగా వదల్లేదు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

ఒక డిసెంబరులో ఆవిడ బాత్‌రూములో జారిపడ్డారు. తొడ ఎముక విరిగి రాడ్డు వేశారు. ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు స్ట్రెచర్ మీంచి నా చేతిలో తాళం పెట్టి, "రోజూ కంకిపాడు. వచ్చి షీటు రాయి. రాసింది ఫోనులో ఫొటో తీసి నాకు పంపు. మర్చిపోకు" అన్నారు.

మొదటి వారం బుద్ధిగా వెళ్ళాను. ఆ తర్వాత కాలేజీలో పరీక్షల హడావిడి మొదలైంది. పొద్దున్న ఆరింటికల్లా స్టడీ అవర్లో ఉండాలి. కంకిపాడు ఎక్కడ కుదురుతుంది? మా ఆవిడతో అంటే తను తేలిగ్గా తేల్చేసింది.

"మా నాన్న స్కూటరు వాడనప్పుడు రోజూ పొద్దున్నే కాసేపు ఆన్ చేసి ఆపేసేవారండీ. బండి పాడవకుండా ఉంటుందిట. శుక్రవారాలు నిమ్మకాయ కూడా పెడదాం."

మన ఇళ్ళల్లో వాడని బండికి అందరూ చేసేది ఇదే కదా. అలాగే చేశాం. రోజూ అయిదు నిమిషాలు ఆన్ చేయడం, ఆపేయడం. శుక్రవారం బానెట్‌కి పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ, హారతి, నిమ్మకాయ నలిగేంత దూరం ఒక జానెడు ముందుకి కదపడం, మళ్ళీ ఆపేయడం. మహా భక్తిగా చేశాం. షీటులో మాత్రం, "కంకిపాడు. నూనె బాగుంది. పని: వంకాయలు" అని రాసేవాణ్ణి. మర్నాడు బెండకాయలు. ఎవరెక్కారో కూడా కల్పించి రాశాను. ఫొటో తీసుకెళ్ళి ఏడున్నరకి కాలేజీ నుంచి పంపితే ఆసుపత్రి నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చేది. రోజూ వచ్చేది.

నలభై రోజులకి ఆవిడ వాకరు పట్టుకుని ఇంటికొచ్చారు. లోపలికి కూడా వెళ్ళకుండా నేరుగా షెడ్డుకి నడిచారు. బానెట్ ఎత్తమన్నారు. పసుపు మరకలు చూసి చిన్నగా నవ్వారు. తర్వాత వంగి నూనె పోసే మూత విప్పి, తిరగేసి చూశారు.

మూత లోపల తెల్లగా, చిక్కగా, వేలితో గీరితే వచ్చేంత మీగడ పేరుకుని ఉంది.

"ఇదేమిటయ్యా?"

నాకు తెలియక కాదు. అయినా, "గాస్కెట్ ఏమైనా పోయిందేమోనండీ, రేడియేటరు నీళ్ళు నూనెలోకి..." అని మొదలుపెట్టాను.

ఆవిడ రేడియేటరు మూత విప్పించారు. నీళ్ళు నిండా ఉన్నాయి.

"నీళ్ళు చుక్క తగ్గలేదు. మరి నూనెలోకి నీళ్ళెక్కడివి? ఇంజను కాస్త వెచ్చబడితే లోపల చెమట పడుతుంది. బాగా వేడెక్కేదాకా తిప్పితే ఆ చెమట ఆవిరై పోతుంది. అయిదు నిమిషాలకే ఆపేస్తే ఎక్కడికీ పోక నూనెలో కలిసి ఇదిగో, ఇలా మీగడ కడుతుంది. నువ్వు కెమిస్ట్రీయే కదూ చెప్పేది?"

ఆవిరి నీరవడం గురించి నేను ఆ వారమే బోర్డు మీద రాశాను.

"ఎన్నిసార్లు వెళ్ళావు కంకిపాడు? నిజం చెప్పు."

"ఏడుసార్లండీ."

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ వాకరు మీద బరువంతా వేసి నిలబడ్డారు.

"మంచం మీద కదలడానికి లేదు కదా. పొద్దున్న ఆరున్నరకి కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడు పటమట దాటుంటాడు, ఇప్పుడు పోరంకి, పెనమలూరు దగ్గర లారీలు అడ్డం వచ్చుంటాయి, హారను కొట్టద్దు నాయనా అనుకునేదాన్ని. ఏడున్నరకి నీ ఫొటో వచ్చేది. హమ్మయ్య, ఇంటికొచ్చేశాం అనుకునేదాన్ని. నలభై రోజులు నేను కూడా వెళ్ళొచ్చాననుకున్నానయ్యా."

నాకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్ళు దాటిన లెక్చరర్ని, షెడ్డులో నిలబడి చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాను. అబద్ధాలు ఇంతకుముందు కూడా ఆడాను, కానీ ఒక మనిషి వాటి మీద రోజూ ప్రయాణం చేస్తుందని నాకు తెలియదు.

ఆటోనగర్ నుంచి మేస్త్రీ వచ్చి నూనంతా దింపించాడు. మజ్జిగ రంగులో కారింది. "ఇంకో రెండు నెలలు ఇలాగే పూజ చేసుంటే బేరింగులు పోయేవి సార్" అని నా వంక అదోలా చూశాడు. ఆవిడ నాకు శిక్ష వేశారు. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా క్రైస్తవులకి నలభై రోజుల తపస్సుకాలం. ఆ నలభై రోజులూ నేను రోజూ కంకిపాడు కారు నడపాలి. ఆవిడ పక్కన కూర్చుంటారు.

"ఆదివారాలు మీ తపస్సుకాలం లెక్కలోకి రావటగా అండీ?" అన్నాను ఆశగా.

"దేవుడి లెక్కలో రావు. ఇంజను లెక్కలో వస్తాయి."

కాలేజీలో బతిమాలుకుని పొద్దుటి డ్యూటీ మార్పించుకున్నాను. పదిరోజులకి మూత తిప్పి చూస్తే మీగడ పలచబడింది. నలభయ్యో రోజున మూత శుభ్రంగా ఉంది. ఆవిడ దాన్ని తన గుడ్డతో తుడిచి, నా చేతికిచ్చి, "బిగించు" అన్నారు. ఆ మాటతో నాకు క్షమాపణ దొరికిందని అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ స్టీరింగు పట్టలేదు. నా శిక్షా పూర్తి కాలేదు. నాలుగేళ్ళు సాగింది, నేనూ ఆపమని అడగలేదు. కారు కాగితాలు ముందుగానే నా పేర రాయించేశారు. "నేను పోయాక దీన్ని అద్దాల షెడ్డులో పెట్టి తుడుచుకుంటూ కూర్చోకు. కూర్చోబెడితే ఏదైనా పోతుంది" అన్నారొకసారి, ఈడుపుగల్లు దగ్గర, కిటికీలోంచి వరినాట్లు చూస్తూ.

ఆవిడ నిద్రలోనే పోయారు. సాయంత్రం చర్చిలో పూజ అయింది. చర్చి నుంచి సమాధుల దొడ్డి గట్టిగా కిలోమీటరున్నర. పేటిక చర్చివాళ్ళ బండిలో వెళ్ళింది. వెనకాల మేము అంబాసిడర్లో. నేను, మా ఆవిడ, చర్చి ఉపదేశిగారు, వీధిలో ఇస్త్రీ చేసే దంపతులు. మట్టి వేసి వచ్చి కారెక్కాం. తాళం తిప్పాను. ఎవరూ మాట్లాడలేదు. ఉపదేశిగారి పెదాలు మంగళవార్త జపం చెబుతున్నాయి. నేను పన్నెండు గోవిందలు చెప్పుకుని గేరు వేశాను.

గేటు దాటగానే ఎడమకి తిరిగితే ఇల్లు. ఇలాంటిచోటికి వెళ్ళొస్తే నేరుగా ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఈ విషయంలో మా ఆవిడ చాలా పట్టింపు మనిషి. నేను వేడి ముల్లు వంక చూశాను. అది అడుగునే ఉంది, కదల్లేదు. మా ఆవిడ కూడా దాన్నే చూస్తోంది.

కుడికి తిప్పాను.

పటమట దాటాం. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పోరంకి దాటాక ముల్లు సగానికి వచ్చి నిలబడింది. పెనమలూరు దగ్గర లారీ అడ్డం వచ్చింది, హారను కొట్టలేదు. కంకిపాడులో ఆపితే అయిదుగురం కళ్ళు తుడుచుకుంటూ దిగి, ఏం చెయ్యాలో తెలియక రోడ్డు పక్కన నిలబడ్డాం. అప్పుడు మా ఆవిడ గొంతు సవరించుకుని, "గోంగూర కొనండి" అంది.

"ఇప్పుడా? స్నానం కూడా చెయ్యకుండా?"

"డిక్కీలో పెట్టండి. ఇంటికెళ్ళాక కట్టలక్కూడా స్నానం చేయిస్తాను. పని గడి ఖాళీగా వదిలేస్తామా ఏమిటి?"

వీధికి సరిపడా కొన్నాం. ఇంటికొచ్చి, స్నానాలయ్యాక, నేనొక్కణ్ణే షెడ్డుకి వెళ్ళి కేసు షీటు తీశాను. నూనె బాగుంది. నీళ్ళు నిండా ఉన్నాయి. వేడి సగానికి వచ్చింది. కంకిపాడు. అయిదుగురం. పని: గోంగూర. అంతా రాసి ఫొటో తీశాక గుర్తొచ్చింది, పంపడానికి ఎవరూ లేరని. అయినా పంపాను.